పగలు "బాగానే ఉందండీ", రాత్రి కంటి మీద కునుకు లేదు: నొప్పి, నిద్ర, చివరి రోజుల సేవ గురించి అడుగుతున్నాను

సిస్టర్_సూర్యారావుపేట

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఈ నెల నాకు రాత్రి డ్యూటీలు. ఉయ్యూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక రైతు వార్డులో ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఉదయం డాక్టరు గారు వచ్చి "ఎలా ఉందండీ" అనగానే చొక్కా గుండీలు సర్దుకుని "బాగానే ఉందండీ, మీ దయ" అంటారు. రాత్రి రెండింటికి నేను వెళ్లేసరికి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, మంచం కడ్డీని పట్టుకుని పడుకుని ఉంటారు. వేళ్ల కణుపులు తెల్లబడి ఉంటాయి. ఏమయిందని అడిగితే "నిద్ర పట్టడం లేదమ్మా, నిద్ర మాత్ర ఉంటే ఒకటి ఇవ్వు" అంటారు. నొప్పి అన్న మాట నోటి వెంట రాదు.

కేస్ షీటులో "అవసరమైతే" అని ట్రమడాల్ అనే నొప్పి మందు రాసి ఉంది. ఆయన అడగరు, కాబట్టి అది పడదు. అల్ప్రజోలం అనే నిద్ర మాత్ర మాత్రం రోజూ పడుతోంది. డాక్టరు గారు మార్ఫిన్ (నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు) మాట ఎత్తితే కొడుకులిద్దరూ "వద్దండీ, అది మొదలుపెడితే ఇక నాన్న మాకు దక్కడు" అని బతిమాలారు. ఆయన నొప్పి డాక్టరు గారికి తెలిసేలా ఎలా చేయాలి? కొడుకులకు ఏమని చెప్పాలి? అనుభవం ఉన్న అక్కలు చెప్పండి.

పెద్దక్క_గుంటూరు

అమ్మాయీ, నువ్వు గమనించినదంతా షీటులో రాశావా? ముందు ఆ పని చెయ్యి. "రాత్రి 2:10, మోకాళ్లు ముడుచుకుని, కడ్డీ పట్టుకుని ఉన్నారు, కదిలిస్తే ముఖం చిట్లించారు, మందు ఇవ్వలేదు" అని రాయి. "రోగి విశ్రాంతిగా ఉన్నారు" అని అలవాటు కొద్దీ రాసే మాట ఆయన షీటులో కనబడకూడదు. ఉదయం రౌండ్స్‌లో డాక్టరు చూసేది కాగితం, మర్యాదగా నవ్వే ముఖం. ఈ రెండింటిలో నీ చేతిలో ఉన్నది కాగితం.

"ఎలా ఉంది" అని అడిగితే మనవాళ్లు కుశలమే చెబుతారు. డాక్టరు ముందు నొప్పి అనడం ఆయనను తప్పుపట్టినట్టు అవుతుందని అనుకునే పెద్దవాళ్లు చాలామంది. అందుకని నేను తిప్పి అడిగేదాన్ని. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది? ఎటు ఒత్తిగిలితే కాస్త నయం? బాత్రూముకు నడిచేటప్పుడు ఎక్కడ పట్టేస్తోంది? దగ్గితే ఏమవుతోంది? సలుపా, పోటా, మంటా, తిమ్మిరా? ఎముక నొప్పి సాధారణంగా సలుపుతుంది, కదిలితే పోటు వస్తుంది. నరం నలిగితే మంట, కరెంటు కొట్టినట్టు ఝల్లుమనడం. ఈ తేడా నువ్వు రాసిపెడితే డాక్టరు వేసే మందే మారిపోతుంది. నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, ప్రీగాబలిన్ లాంటివి కలుపుతారు, వట్టి నొప్పి మాత్రలతో అది లొంగదు.

సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమంటే పల్లెటూరి పెద్దవాళ్లు తికమక పడతారు. "రూపాయిలో ఎంత నొప్పి, పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా" అని అడుగు, ఠక్కున చెబుతారు. మందు పడిన గంటకు మళ్లీ అదే అడుగు. "ముప్పావలా ఉన్నది పావలాకు దిగింది" అన్నారంటే ఆ మందు పనిచేస్తున్నట్టే.

ఇంకో మాట. నొప్పితో మేలుకున్న మనిషికి నిద్ర మాత్ర వేస్తే నొప్పి తగ్గదు, నొప్పి చెప్పుకునే తెలివి తగ్గుతుంది. ఆ వయసులో అల్ప్రజోలం వేసుకుని రాత్రి బాత్రూముకు లేచి పడిపోయి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లను మా వార్డులో చూశాను. ముందు నొప్పి సంగతి చూడాలి. అది తగ్గాక కూడా నిద్ర రాకపోతే అప్పుడు ఆలోచించవచ్చు.

తెనాలి_ఆడపడుచు

కొడుకుల భయం నాకు తెలుసు. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు పాకినప్పుడు మా అన్నయ్య కూడా అదే మాట అన్నాడు. మార్ఫిన్ అంటే ఆఖరి మందు అని మనవాళ్ల మనసులో నాటుకుపోయింది. అమ్మ రాత్రంతా మూలుగుతూ ఉండటం వినలేక అన్నయ్యే ఒకరోజు సరేనన్నాడు. మొదటి రెండు రోజులు అమ్మ బాగా నిద్రపోయింది, మేం కంగారుపడ్డాం. మూడో రోజు వీపుకు దిండు పెట్టించుకుని కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసింది. "ఇంత ముదురువి ఎవరు కొన్నారు" అని అన్నయ్యను కేకలేసింది. ఆ తర్వాత చాలా నెలలు మాతోనే ఉంది.

అయితే మాకు ఎవరూ చెప్పనిది ఒకటుంది, మలబద్ధకం. వారం తిరిగేసరికి నొప్పి కంటే అదే పెద్ద బాధ అయింది. మందు రాసినవారు, ఇచ్చినవారు ఒక్క మాట చెప్పి ఉంటే అమ్మకు ఆ యాతన తప్పేది. సిస్టర్ గారూ, మీ పెద్దాయనకు మొదటి రోజు నుంచే విరేచనం మాత్ర వేయించండి.

మత్తు_డాక్టరు

నేను ఆపరేషన్లకు మత్తు ఇచ్చే వైద్యుణ్ని, నొప్పి క్లినిక్ కూడా చూస్తాను. పైన ఇద్దరూ రాసినది సరిగ్గా ఉంది. కొన్ని కలుపుతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల పద్ధతిని 1986లో చెప్పింది. మొదటి మెట్టు పారాసిటమాల్ లాంటివి, రెండోది ట్రమడాల్, కోడీన్ లాంటివి, మూడోది మార్ఫిన్. నొప్పి మొదటి నుంచే తీవ్రంగా ఉంటే రెండో మెట్టు మీద కాలయాపన చేయనక్కర్లేదు. ఏ మెట్టు మీద ఉన్నా "అవసరమైతే" అని రాయడం దీర్ఘకాలపు నొప్పికి పనికిరాదు. గడియారం చూసి ఇవ్వాలి. మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు. నీరసించిన పెద్దవాళ్లలో 2.5 లేదా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, తగ్గిన మేర చూసుకుంటూ పెంచుతాం. మధ్యలో నొప్పి ఎగదన్నితే ఇవ్వడానికి రోజు మొత్తం మోతాదులో ఆరో వంతు విడిగా రాసిపెడతాం. మీ ప్రశ్న రాత్రి గురించి కాబట్టి ఇది ముఖ్యం: పడుకునే ముందు, రాత్రి పదింటికి ఇచ్చే మోతాదును రెట్టింపు చేసి, రాత్రి రెండింటికి ఇచ్చే మోతాదు మానేస్తే చాలామంది తెల్లవారేదాకా నిద్రపోతారు. ఇది రాయవలసింది డాక్టరే, కానీ అడగవలసింది మీరు.

మొదటి కొద్ది రోజుల్లో వచ్చే మగత చాలావరకు నిద్ర బాకీయే. వికారం కూడా సాధారణంగా వారం లోపల పోతుంది. మలబద్ధకం మాత్రం పోదు, మార్ఫిన్ ఉన్నన్నాళ్లూ బిసకోడిల్, సెన్నా లాంటి విరేచనం మాత్ర ఉండాల్సిందే. మూత్రపిండాలు బాగాలేనివారికి జాగ్రత్త, మందు బయటికి పోక పేరుకుంటుంది, ఒళ్లు ఉలిక్కిపడ్డట్టు కుదుపులు వస్తాయి. మార్ఫిన్‌తో పాటు అల్ప్రజోలం కొనసాగించడం ప్రమాదం, రెండూ కలిసి ఊపిరిని అణుస్తాయి. పిలిస్తే లేవకపోవడం, నిమిషానికి ఊపిరి ఎనిమిది కన్నా తగ్గడం, కంటిపాప సూదిమొనంత కావడం కనిపిస్తే వెంటనే డాక్టరును పిలవండి.

ఎముక నొప్పికి ఒకే విడత రేడియేషన్ కూడా బాగా పనిచేస్తుంది. అడిగి చూడండి. వెన్నెముకకు పాకినవారిలో కాళ్లలో పట్టు తప్పడం, మూత్రం బిగుసుకోవడం మొదలైతే అది అత్యవసరం, తెల్లవారేదాకా ఆగకూడదు.

కృష్ణలంక_1974

డాక్టరు గారూ, మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. కానీ ఇన్ని మత్తు మందులు ఇస్తే మనిషి మగతలోనే పోతాడు కదా? చివరి మాటలు కూడా ఉండవు. మా బాబాయి అలాగే పోయారు. దానికంటే ఓర్చుకోవడమే మేలని మా ఇంట్లో పెద్దలంటారు.

మత్తు_డాక్టరు

మీ బాబాయి గారికి ఏ మందు, ఎంత ఇచ్చారో చూడకుండా ఏమీ అనలేను. చివరి రెండు మూడు రోజుల్లో మగత చాలావరకు జబ్బు వల్లనే వస్తుంది. మార్ఫిన్ అసలు ముట్టనివారూ అలాగే మగతలోకి జారుతారు. కానీ ఓర్చుకోమనడం గురించి నా మాట గట్టిగానే చెబుతాను. నొప్పి కోరలు దిగి ఉన్న మనిషి మనవరాలి పెళ్లి గురించి మాట్లాడలేడు, పొలం కాగితాలు ఎక్కడున్నాయో చెప్పలేడు, దేవుణ్ని తలచుకోలేడు. చివరి మాటలు కావాలంటే నొప్పి తగ్గించాలి.

లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే ఆవిడ మొదట నర్సు, తర్వాత సామాజిక కార్యకర్త, ఆ తర్వాత చదివి డాక్టరయ్యారు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, అంటే చివరి రోజుల సేవకు ప్రత్యేకమైన ఆసుపత్రి, తెరిచారు. నొప్పి వచ్చాక ఇవ్వడం కాదు, రాకుండానే వేళకు ఇవ్వాలని నిలబడి చూపించారు. నొప్పి ఒంటిదే కాదని, అప్పుల దిగులు, పిల్లల బెంగ, చావు భయం అన్నీ కలిసి ఒకటే నొప్పిగా బయటికి వస్తాయని చెప్పిందీ ఆవిడే. మాత్ర వేసినా తగ్గని నొప్పి కనిపిస్తే పక్కన కూర్చుని ఇంటి విషయాలు అడగండి.

మందులకొట్టు_గవర్నరుపేట

మార్ఫిన్ మా కొట్లలో దొరకదని జనం మమ్మల్ని తిట్టుకుంటారు, అందుకని రాస్తున్నాను. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక ఒక్కో ఆసుపత్రి నాలుగైదు రకాల లైసెన్సులు తెచ్చుకోవాల్సి వచ్చేది, ఒకటి వచ్చేలోపు ఇంకోటి గడువు తీరేది. దాంతో చాలా ఆసుపత్రులు ఆ మందు ఉంచడమే మానేశాయి. ప్రపంచానికి చట్టబద్ధంగా నల్లమందు పండించి ఇచ్చే దేశంలో మన రోగులకే అది అందలేదు. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలైతే ఒక్క అనుమతితో ఉంచుకోవచ్చన్నారు. కాబట్టి మీరు అడగవలసిన ప్రశ్న "మీది మార్ఫిన్ ఉంచడానికి గుర్తింపు ఉన్న ఆసుపత్రేనా" అని. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) ఆవరణలో నాట్కో క్యాన్సర్ విభాగం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, హైదరాబాద్ వెళ్లగలిగితే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ప్రత్యేకంగా పాలియేటివ్ (బాధ తగ్గించే సేవ) విభాగమే ఉంది. వెళ్లేముందు ఫోను చేసి కనుక్కోండి.

ఒంటికి అతికించే నొప్పి మందు, ఫెంటనిల్ పట్టీలు వాడేవారికి ఒక హెచ్చరిక. పట్టీ మూడు రోజులకు ఒకటి. దాని మీద వేడినీళ్ల సంచి పెట్టకూడదు, జ్వరం వచ్చినా మందు ఎక్కువగా లోపలికి పోతుంది. మన బెజవాడ మే నెల ఎండలో కరెంటు పోయిన ఇంట్లో పట్టీ వేసుకున్న మనిషిని ఒంటరిగా వదలకండి.

సిస్టర్_సూర్యారావుపేట

అందరికీ కృతజ్ఞతలు. పెద్దక్క గారు చెప్పినట్టు రాత్రంతా గంటగంటకూ రాశాను. "రూపాయిలో ఎంత" అని అడిగితే పెద్దాయన కాసేపు కప్పు వైపు చూసి, "పదమూడణాలు ఉంటుందమ్మా" అన్నారు. డాక్టరు గారు ఆ షీటు కొడుకులకు చూపించారు. చిన్నకొడుకు చదివి బయటికి వెళ్లిపోయాడు, తిరిగి వచ్చి "మొదలుపెట్టండి" అన్నాడు. తెనాలి అక్క రాసిన చిక్కుడుకాయల సంగతి కూడా వాళ్లకు చెప్పాను. మందు మొదలైంది, విరేచనం మాత్రతో సహా.

ఇప్పుడు ఇంకొకటి. తెల్లవారుజామున ఆయన నా వైపు తిరిగి "అమ్మా, నాకేమయిందో నీకు తెలుసు కదా" అన్నారు. కొడుకులేమో జబ్బు పేరు చెప్పవద్దన్నారు. ఏం చెప్పాలో తోచక డాక్టరు గారిని పిలుస్తానన్నాను.

పెద్దక్క_గుంటూరు

పిలుస్తాననడం మంచిదే. మళ్లీ అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చో. నిలబడి చెప్పే మాట కాదది. "మీకేమనిపిస్తోంది బాబాయి గారూ" అని అడుగు. నూటికి తొంభై మంది తమకు తెలిసినదే చెబుతారు, పిల్లలు బాధపడతారని దాచుకుని ఉంటారు. పిల్లలు తండ్రి కోసం దాస్తారు, తండ్రి పిల్లల కోసం దాస్తాడు, ఇద్దరూ నర్సు దగ్గర ఏడుస్తారు. ఆయన ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో కొడుకులకు చెప్పి, డాక్టరును కూర్చోబెట్టి మాట్లాడించు. అబద్ధం మాత్రం చెప్పకు. "ఏం లేదు, రేపు ఇంటికెళ్లిపోతారు" అన్నావంటే ఇక ఆయన నిన్ను ఏదీ అడగరు.

ఐసీయూ_మంగళగిరి

వార్డులో నిద్ర గురించి నేను చెబుతాను. మన రోగుల నిద్రను సగం మనమే పాడు చేస్తున్నాం. రాత్రి పన్నెండుకు బీపీ, ఒంటిగంటకు యాంటీబయాటిక్, రెండింటికి షుగరు, నాలుగింటికి రక్తం, అయిదింటికి పక్క దులపడం. వీటిని కలిపి ఒకేసారి చేయగలిగినవి కలిపేయండి. అవసరం లేనివి రాత్రి మానేయవచ్చా అని డాక్టరును అడగండి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు రెండుసార్లు రాసి రాత్రి ఎనిమిదికి ఇస్తే ఆ రోగి తెల్లవార్లూ కళ్లు తెరుచుకునే ఉంటాడు. దాన్ని ఉదయం, మధ్యాహ్నంలోపు ఇవ్వవచ్చా అని అడగండి. మూత్రం ఎక్కువగా పోయించే ఫ్యూరోసిమైడ్ సాయంత్రం వేస్తే రాత్రంతా మూత్రానికి లేస్తూనే ఉంటారు.

పెద్దవాళ్లు పగలంతా నిద్రపోయి రాత్రి ఊగిపోతూ, సెలైన్ పీకేసుకుంటూ, లేనివాళ్లతో మాట్లాడుతుంటే దాన్ని నిద్రలేమి అనుకోకండి. అది డెలీరియం, జబ్బు వల్ల ఉన్నట్టుండి వచ్చే మతి తడబాటు. మూత్రం బిగిసిందా, విరేచనం ఆగిందా, జ్వరమా, నొప్పా, సోడియం తగ్గిందా చూడాలి. నిద్ర మాత్ర వేస్తే ఇంకా ముదురుతుంది. పగలు కిటికీ తెర తీసి వెలుతురు రానివ్వండి, కళ్లద్దాలు, చెవి మిషను పెట్టండి, తెలిసిన ముఖం ఒకటి పక్కన ఉండనివ్వండి.

కృష్ణలంక_1974

నేను పైన వాదించినవాణ్నే. అసలు విషయం చెబుతాను. మా నాన్నగారు ఇంట్లోనే ఉన్నారు. కాలేయం పాడయింది, డాక్టర్లు ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. నాలుగు రోజులుగా అన్నం ముట్టడం లేదు. నీళ్లు పోస్తే గొంతులో గురగుర. చెల్లెళ్లు ఆకలితో చంపుతున్నామని ఏడుస్తున్నారు. ముక్కు గొట్టం వేయించాలా? సెలైన్ పెట్టించాలా?

పెద్దక్క_గుంటూరు

బాబూ, మీ చెల్లెళ్లను కూర్చోబెట్టి ఇది చదివి వినిపించు. ఒళ్లు సెలవు తీసుకునే దశలో ఆకలి, దాహం తగ్గిపోతాయి. అన్నం మానడం వల్ల ఆయన ఈ స్థితికి రాలేదు, ఈ స్థితికి వచ్చారు కాబట్టి అన్నం మానారు. బలవంతంగా పెడితే గుటక పడక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాలేయ జబ్బులో ఎక్కువ సెలైన్ ఎక్కిస్తే కాళ్లకు, పొట్టకు, ఊపిరితిత్తులకు నీరు చేరి ఆయాసం పెరుగుతుంది. గొట్టం వేయాలా వద్దా చివరి మాట మీ డాక్టరుది, కానీ ఈ దశలో దానితో మేలు తక్కువ, బాధ ఎక్కువ.

చేయగలిగినది చాలా ఉంది. నోరు ఎండకుండా చూడటం మొదటిది. మెత్తని గుడ్డ వేలికి చుట్టి నీళ్లలో తడిపి, పిండి, చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపల గంటకోసారి తుడవండి. పెదవులకు వెన్న రాయండి. తులసి తీర్థం పోయాలని ఉంటే పోయవద్దని అనను. తలను కాస్త పైకెత్తి, పక్కకు తిప్పి, చెంచా కొసతో రెండు చుక్కలు పెదవి లోపల పడేలా వేయండి. ఇంటిల్లిపాదీ వరసగా గ్లాసుతో పోయకండి.

గురగుర వింటే మీకు భయం వేస్తుంది, ఆయనకు అది సాధారణంగా తెలియదు. గొంతులో చేరిన ఉమ్మిని మింగలేకపోవడమే దానికి కారణం. ఒక పక్కకు ఒత్తిగిలించి వీపుకు దిండు ఆనించండి. గొట్టం లోతుగా దూర్చి పీల్చితే ఇంకా ఊరుతుంది. ఆ ఊట తగ్గించే గ్లైకోపైరోలేట్, హయోసిన్ లాంటి మందులున్నాయి, డాక్టరును అడగండి. రెండు గంటలకోసారి పక్క మార్చండి, మడమల కింద మెత్తటి గుడ్డ పెట్టి మడమ పరుపుకు ఆనకుండా చూడండి. పొత్తికడుపు గట్టిగా ఉబ్బి, ఆయన ఊరికే కాళ్లు కొట్టుకుంటుంటే మూత్రం బిగిసిందేమో చూపించండి.

ముందు ముందు ఏం జరుగుతుందో కూడా చెబుతాను, తెలిసి ఉంటే భయం తగ్గుతుంది. నిద్ర పెరుగుతుంది. చేతులు, పాదాలు చల్లబడి, మోకాళ్ల దగ్గర చర్మం నీలం, ఊదా మచ్చలుగా మారుతుంది. మూత్రం తగ్గి ముదురు రంగులో వస్తుంది. ఊపిరి కొంతసేపు గబగబా, ఆ తర్వాత ఆగినట్టే ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఆ విరామంలో అందరూ గొల్లుమని ఏడ్చి, ఆయన మళ్లీ ఊపిరి తీసుకుంటే ఉలిక్కిపడతారు. ఇది ఇలాగే ఉంటుందని చెల్లెళ్లకు ముందే చెప్పు. వినికిడి చివరిదాకా ఉంటుందనే మేం నర్సులం నమ్ముతాం, అలాగే మసలుకుంటాం. మంచం దగ్గర ఆస్తి మాటలు వద్దు. చెప్పాలనుకున్నది చెప్పండి.

లాలాపేట_భాయి

పెద్దక్కా, మీ మాటలు మా ఇంటికీ సరిపోతాయి. మా అబ్బా చివరి గంటల్లో ముఖం కిబ్లా (మక్కా) వైపు తిప్పాలని పెద్దలన్నారు. డ్యూటీలో ఉన్న సిస్టర్, ఆ అమ్మాయి హిందువే, మంచం చక్రాలు విప్పి తనే తిప్పి పెట్టింది. చెవి దగ్గర కలిమా చదవడానికి మాకు చోటిచ్చి తెర లాగింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను. ఆసుపత్రుల్లో పనిచేసేవారు ఈ రెండు నిమిషాలు ఇవ్వండి, ఇంటివాళ్లు జన్మంతా గుర్తుపెట్టుకుంటారు.

గుణదల_టీచరమ్మ

మా వాళ్లు మంచం చుట్టూ చేరి పాటలు పాడతారు, ప్రార్థన చేస్తారు. జనం ఎక్కువైతే రోగికి గాలి ఆడదు, అది మేమే చూసుకోవాలి. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నాం.

కృష్ణలంక_1974 గారూ, మీది అద్దె ఇల్లయితే ఒక మాట. ఇక్కడ కొందరు ఇంటివాళ్లు ప్రాణం తమ ఇంట్లో పోకూడదంటారు, శవాన్ని లోపలికి తేనివ్వరు. మాకు తెలిసిన ఒక కుటుంబం ఆఖరి గంటలో ఆయనను ఆటోలో ఎక్కించుకుని సొంతూరికి బయలుదేరింది, వారధి కూడా దాటలేదు. ఇంతకంటే క్రూరమైన ఆచారం నాకు తెలియదు. ముందే ఇంటి యజమానితో మాట్లాడి, మాట తీసుకోండి.

కృష్ణలంక_1974

మాది సొంత ఇల్లే టీచరమ్మ గారూ. చెల్లెళ్లకు చదివి వినిపించాను. పెద్దది ఇప్పుడు గుడ్డ తడిపి నోరు తుడుస్తూ కూర్చుంది. ఆవిడకు చేయడానికి ఒక పని దొరికింది.

వకీలు_గుంటూరు

ఆసుపత్రిలో వెంటిలేటరు వద్దనుకునేవారి కోసం రెండు మాటలు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కును గుర్తించి, ముందస్తు వైద్య నిర్దేశం (చివరి దశలో ఏ చికిత్స కావాలో వద్దో ముందే చెప్పే పత్రం) రాసుకోవచ్చని చెప్పింది. అప్పటి పద్ధతి మరీ కష్టంగా ఉందని 2023 జనవరిలో సులువు చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు. ఒంట్లో బాగున్నప్పుడే రాసుకోవాలి, ఎవరు మీ తరఫున నిర్ణయం తీసుకోవాలో అందులో పేరు పెట్టాలి.

నర్సింగ్_మూడో_సంవత్సరం

అక్కలూ, మాకు పాఠంలో దుఃఖానికి అయిదు దశలని చెప్పారు. 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ చెప్పినవి. మా పిన్ని విషయంలో ఆ వరస ఏమీ కనబడటం లేదు. బాబాయి పోయి రెండు నెలలైంది. పగలు మామూలుగానే ఉంటుంది, రాత్రి మూడింటికి లేచి వంటింట్లో గిన్నెలు తోముతుంది. పక్కింటివాళ్లు తెచ్చిన నిద్ర మాత్ర వేసుకుంటోంది.

పెద్దక్క_గుంటూరు

ఆ అయిదు దశలను ఆవిడ మరణం ఎదుట ఉన్న రోగులతో మాట్లాడి రాసింది. అవి మెట్ల వరస కాదు, అందరికీ రావు. పరీక్షలో రాయి, పిన్నిని వాటితో కొలవకు.

మన దగ్గర పెద్దకర్మ దాకా ఇల్లు జనంతో నిండి ఉంటుంది. అది అయిన మర్నాడు అందరూ బస్సెక్కుతారు. ఆవిడకు అసలు ఒంటరితనం అప్పుడు మొదలవుతుంది. మీరు వెళ్లవలసింది ఆ తర్వాతే. మాసికాల రోజుల్లో, పండగల్లో, పెళ్లిరోజున వెళ్లండి. బాబాయి పేరు ఎత్తితే ఏడుస్తుందని ఎత్తడం మానకండి. ఎత్తండి, ఏడవనివ్వండి.

నిద్రకు: ఎప్పుడు పడుకున్నా ఉదయం ఒకే వేళకు లేపండి, వాకిట్లో ఎండలో కాసేపు నడిపించండి. మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకండి, నాలుగు తర్వాత టీ వద్దు. మంచం మీద నిద్ర రాక దొర్లుతుంటే లేచి వేరే గదిలో కూర్చుని, కళ్లు బరువెక్కాక తిరిగి పడుకోమనండి. గిన్నెలు తోమడం తప్పేమీ కాదు, దీపం మాత్రం తక్కువగా పెట్టుకోమను. పక్కింటివాళ్ల మాత్ర వెంటనే ఆపమని చెప్పకు, చాలా రోజులుగా వేసుకుంటుంటే ఒక్కసారిగా ఆపితే చేతులు వణికి, నిద్ర ఇంకా చెడుతుంది. డాక్టరుకు చూపించి మెల్లగా తగ్గించాలి.

తెనాలి_ఆడపడుచు

పదో రోజు గాజులు పగలగొట్టే తంతు గురించి కూడా ఎవరైనా మాట్లాడాలి. దుఃఖంలో ఉన్న మనిషిని పదిమంది మధ్య కూర్చోబెట్టి అలా చేయడం చికిత్స అవసరమైనంత గాయం చేస్తుంది. మా పెద్దమ్మ విషయంలో మేం ఆడవాళ్లమంతా కూర్చుని వద్దన్నాం. పురోహితుడు గారు కూడా ఒప్పుకున్నారు.

ఐసీయూ_మంగళగిరి

ఎప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలో చెబుతాను. ఆరు నెలలు దాటాక కూడా తల్లడిల్లడం తగ్గకుండా, రోజువారీ పనులు చేసుకోలేకపోతే దాన్ని దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో చేర్చింది. ఆయన దగ్గరికే పోతాను అనే మాట వింటే ఆరు నెలలు ఆగకండి, ఆ రోజే తీసుకెళ్లండి. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి మూడింటికి చేసినా ఎత్తుతారు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే "తాతయ్య నిద్రపోతున్నాడు" అని చెప్పకండి. అయిదేళ్ల పిల్ల ఆ మాట విని పడుకోవడానికి భయపడటం నేను చూశాను. తాతయ్య చనిపోయాడు, ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, తిరిగి రాడు, అది నీ వల్ల కాదు అని చెప్పండి.

సిస్టర్_సూర్యారావుపేట

మా పెద్దాయన రేపు ఇంటికి వెళుతున్నారు. నొప్పి పావలాకు దిగింది, రాత్రి పది నుంచి నాలుగున్నర దాకా పడుకుంటున్నారు, అల్ప్రజోలం డాక్టరు గారు మెల్లగా తగ్గిస్తూ వస్తున్నారు. జబ్బు పేరు పెద్దకొడుకే చెప్పాడు. ఆయనకు ముందే తెలుసట. కోడలికి నోటుబుక్కులో గడులు గీసి ఇచ్చాను: వేళ, మాత్ర, రూపాయిలో నొప్పి, విరేచనం అయిందా లేదా. ఇంట్లో మనవలు ఉన్నారు, మార్ఫిన్ ఎలా దాచాలో, మిగిలితే ఏం చేయాలో చెప్పమని అడిగింది. మందులకొట్టు అన్నయ్య గారూ, మీరు చెబితే బాగుంటుంది.

మందులకొట్టు_గవర్నరుపేట

తాళం ఉన్న బీరువాలో, పిల్లలకు అందని అరలో పెట్టమనండి. తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి, మాత్రల లెక్క అదే నోటుబుక్కులో రోజూ రాయాలి. మరొకరికి నొప్పిగా ఉందని ఒక్క మాత్ర కూడా ఇవ్వకూడదు. మాత్రలు వారానికి సరిపడా మిగిలి ఉండగానే మళ్లీ తెచ్చుకోవాలి, సంక్రాంతి, దసరా సెలవులు చూసుకోవాలి, ఒక్కసారిగా ఆగిపోకూడదు. ఖాళీ స్ట్రిప్పులు పారేయకుండా ఉంచమనండి, మళ్లీ ఇచ్చేటప్పుడు లెక్క చూపమని అడిగే కేంద్రాలున్నాయి. మిగిలిన మందు చెత్తబుట్టలో వేయకూడదు, ఎవరికీ దానం చేయకూడదు, ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి అప్పగించి రసీదు తీసుకోవాలి.